అన్న పేరు మీద క్రికెట్ కప్పు వద్దు

ఒడిశాలోని బరంపురంలో మేం చదువుకున్న కాలేజీ క్రీడా కమిటీకీ, పాత విద్యార్థుల సంఘానికీ బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. సంతాప సభలో మీరు చేసిన తీర్మానం వాట్సాప్‌లో నాకూ వచ్చింది. మన కాలేజీలో చదివిన అన్న పేరు మీద ఏటా టీ20 క్రికెట్ టోర్నమెంటు పెడతారనీ, ట్రోఫీ ఖర్చు భరించడానికి ఒక దాత ముందుకొచ్చారనీ అందులో ఉంది. మీ ఉద్దేశం మంచిదే. పోయిన మనిషిని తలుచుకుని ఏదో ఒకటి చేయాలనుకున్నారు. చాలా కాలేజీలు ఆ మాత్రం కూడా చేయవు. కాకపోతే ఒక చిక్కుంది. అన్న మన కాలేజీలో ఆడని ఆట ఒకే ఒక్కటి. అది క్రికెట్.

వాలీబాల్, కబడ్డీ, ఫుట్‌బాల్ మూడింటిలోనూ ఆయన కాలేజీ జట్టులో ఉన్నాడు. అథ్లెటిక్స్‌లో 400 మీటర్లు, హైజంప్, జావెలిన్ ఆయనవి. రిలేలో చివరి లెగ్ ఆయనదే. టగ్ ఆఫ్ వార్‌లో అందరికంటే వెనక, తాడు నడుముకి చుట్టుకుని నిలబడేదీ ఆయనే. క్రికెట్‌కి పిలిస్తే మాత్రం నవ్వేసేవాడు. "దినమంతా ఎండలో నిలబడి రొండు బంతులు ఆపడానికేటి, నాను రాను బావూ" అనేవాడు. ఆ మాట మా బ్యాచ్‌లో ఇంకా చాలామందికి గుర్తుండే ఉంటుంది. క్రికెట్ అంటే నాకేమీ పగ లేదు, ఇంట్లో మ్యాచ్ వస్తుంటే టీవీ ముందు నుంచి నేనూ లేవను. కానీ ఆడని ఆటకు ఆయన పేరు పెడితే, పదేళ్ళ తర్వాత ఆ కప్పు పట్టుకున్న కుర్రాడు "ఈయన ఏ రంజీ టీముకు ఆడాడు?" అని అడుగుతాడు.

ఈ ఉత్తరానికి ఒడియా కాపీ కాలేజీ ఆఫీసులో ఇచ్చాను. తెలుగులో మళ్ళీ రాయడానికి కారణముంది. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చి మన కాలేజీలో చదివినవాళ్ళు వందల్లో ఉన్నారు. ఇప్పుడు వాళ్ళలో సగం మంది విశాఖపట్నం, హైదరాబాదుల్లో స్థిరపడ్డారు. సభకు రాలేకపోయారు. వాళ్ళ మాట కూడా మీరు వినాలి. ఇంకొకటి, ఆయన పేరు మీ అందరికీ తెలుసు. బయట రాయొద్దని ఇంటివాళ్ళు కోరారు కాబట్టి నేను అన్న అనే రాస్తాను. మైదానంలో తెలుగువాళ్ళం అన్న అనే పిలిచేవాళ్ళం, ఒడియా పిల్లలు భాయినా అనేవాళ్ళు. రెండింటికీ పలికేవాడు.

సభలో మాట్లాడిన కొందరికి ఆయన ఎక్కణ్ణుంచి వచ్చాడో సరిగ్గా తెలిసినట్టు లేదు. ఒకరైతే శ్రీకాకుళం అన్నారట. కాదు. గోపాలపూర్. మనకు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రపు ఒడ్డు. అక్కడి వాడబలిజ కుటుంబాలు ఇంట్లో తెలుగు మాట్లాడతాయి, బళ్ళో ఒడియా చదువుతాయి. వాళ్ళను బయటివాళ్ళు నులియాలంటారు. సెలవులకు వచ్చిన కలకత్తా వాళ్ళ చెయ్యి పట్టుకుని అలల్లోకి తీసుకెళ్ళి, మళ్ళీ ఒడ్డుకు చేర్చే కోసు టోపీల మనుషులను మీరూ చూసే ఉంటారు. అన్న చిన్నాన్న ఆ పని చేసేవాడు. తండ్రిది పడవ. 1977లో అన్న కాలేజీలో చేరేనాటికి వాళ్ళ వీధిలో డిగ్రీ చదువుకు వచ్చినవాడు ఆయనొక్కడే. నేను మరుసటి ఏడు చేరాను. మాది పట్టు నేసే ఇల్లు, బరంపురంలోనే.

సైకిల్ మీద వచ్చేవాడు. 16 రాను, 16 పోను. ఆ సైకిలే ఆయనకు ట్రైనింగ్ అని ఆటలు నేర్పే మా పీడీ మాస్టారు అనేవారు. కానీ అసలు ట్రైనింగ్ అంతకు ముందే జరిగిపోయింది. ఊహ తెలిసినప్పటి నుంచి అలివి వల లాగినవాడు. పదుల మంది రెండు వరసల్లో నిలబడి, మడమలు ఇసుకలో దిగేసి, ఒక్క ఊపులో వెనక్కి వాలుతూ ఒడ్డుకు లాగే వల అది. టగ్ ఆఫ్ వార్‌లో అన్నను కదపడానికి ఇంజినీరింగ్ పిల్లలు ఎంతమంది వచ్చినా కదల్లేదంటే అందులో వింతేముంది? మెత్తటి ఇసుకలో పరుగెత్తి పెరిగినవాడి పిక్కలు వేరు. నీళ్ళలో మునిగి ఊపిరి బిగబట్టడం అలవాటైనవాడికి కబడ్డీ కూత ఒక లెక్క కాదు. విసురు వల విసిరేటప్పుడు ముందు నడుము తిరుగుతుంది, తర్వాత భుజం, చివరికి చెయ్యి. జావెలిన్‌లోనూ బలం వచ్చే వరస అదే. మాస్టారు మాకు నెలలు తరబడి నేర్పినా రానిది, అన్నకు మొదటి రోజే వచ్చింది.

హైజంప్ గురించి కొంచెం ఎక్కువ రాయాలి. సభలో ఒకాయన "పాత పద్ధతిలో దూకేవాడు, కొత్త టెక్నిక్ నేర్చుకుని ఉంటే ఎక్కడికో వెళ్ళేవాడు" అన్నారని విన్నాను. డిక్ ఫాస్‌బరీ 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో వీపు కిందికి పెట్టి దూకి స్వర్ణం గెలిచాడు. ఆ తర్వాత మెల్లమెల్లగా ప్రపంచమంతా అలాగే దూకింది. నిజమే. మనకు ఆ సంగతి తెలియక కాదు, మాస్టారు పత్రికలో బొమ్మ చూపించారు కూడా. కానీ వీపు మీద, మెడ మీద పడాలంటే కింద మందపాటి ఫోమ్ మ్యాట్ ఉండాలి. మనకున్నది ఇసుక గొయ్యి. వాన పడితే అది గట్టిబడి నేలతో సమానం. ఇసుక మీద పడేవాడు కాళ్ళ మీదో చేతుల మీదో పడేలా దూకాలి, లేకపోతే మెడ విరుగుతుంది. అందుకే అన్న కర్రకు బోర్లా తిరిగి, కాలు దాటించి, చేతుల మీద దిగే స్ట్రాడిల్ పద్ధతి పట్టాడు. ఒక్కడే కూర్చుని, తనకు దొరికిన గొయ్యికి ఏ దూకుడు సరిపోతుందో ఆలోచించి పట్టాడు. దాన్ని వెనుకబాటు అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక వాలీబాల్. ఇప్పటి పిల్లలకు ఈ సంగతి చెప్పాలి. అప్పట్లో సర్వీస్ చేసిన జట్టుకే పాయింటు. అవతలివాళ్ళ సర్వీస్ మీద మనం గెలిస్తే పాయింటు రాదు, సర్వీస్ మాత్రమే మన చేతికొస్తుంది. సెట్ 15 పాయింట్లు. సమవుజ్జీలు తలపడితే స్కోరు కదలకుండా సర్వీస్ అటూ ఇటూ మారుతూ పోయేది, చీకటి పడేది, బంతి కనపడక ఆపేసిన మ్యాచ్‌లున్నాయి. ప్రతి ర్యాలీకి పాయింటు ఇచ్చే పద్ధతి 1990ల చివర్లో వచ్చింది. ఆ పాత పద్ధతిలో గెలవాలంటే గట్టిగా కొట్టేవాడికంటే చివరిదాకా ఎగరగలిగేవాడు కావాలి. 400 మీటర్లు పరుగెత్తే కాళ్ళు, హైజంప్ దూకే కాళ్ళు అక్కడ పనికొచ్చాయి. ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్‌గా నిలబడి బంతిని గాల్లో అందుకున్న చూపు కూడా అక్కడ పనికొచ్చింది. ఒక ఆట ఇంకో ఆటకు ఇలా సాయం చేస్తుందని ఆయన ఎప్పుడూ ఉపన్యాసం చెప్పలేదు. చూసినవాళ్ళకు తెలిసేది, అంతే.

మా రెండో ఏడు అంతర్ కళాశాల మీట్ చివరి రోజు మీకు చెప్పాలి. పొద్దున జావెలిన్ నడుస్తుండగానే 400 ఫైనల్‌కు పిలుపొచ్చింది. ఒకేసారి రెండు ఈవెంట్లుంటే ఫీల్డ్ ఈవెంట్ వాళ్ళు వరస మార్చి ముందుగా విసరనివ్వొచ్చని నిబంధన ఉంది. జడ్జిగా వచ్చిన మాస్టారు వేరే కాలేజీ ఆయన. అయినా ఆ నిబంధన తానే గుర్తు చేసి, "ముందు నువ్వు విసిరి పో" అన్నారు. విసిరాడు, పరుగెత్తాడు, మళ్ళీ వచ్చి విసిరాడు. మధ్యాహ్నం చెట్టు కింద డబ్బా విప్పి చద్దన్నం, ఎండుచేప తిన్నాడు. సాయంత్రం వాలీబాల్ ఫైనల్. ఆ రోజు ఏవి గెలిచాడో, ఏవి ఓడాడో ఇక్కడ జాబితా రాయను. కొన్ని ఓడాడు. ఓడినప్పుడు అవతలివాడి దగ్గరికి వెళ్ళి, ఆ అడుగు ఎలా వేశావో చూపించమని అడిగాడు.

అమ్మాయిల రిలే జట్టులో మాకు బ్యాటన్ మార్చుకోవడం నేర్పింది అన్నే. 1978లో బరంపురంలో అమ్మాయిలు పరుగెత్తడమే పెద్ద వార్త. మేం సల్వార్లను మోకాలి దగ్గర పిన్నీసులు పెట్టి బిగించుకుని దిగేవాళ్ళం. గోడ మీద కూర్చుని ఈలలు వేసేవాళ్ళుండేవారు. అన్న వాళ్ళతో గొడవ పెట్టుకోలేదు. పిలిచి చేతికి సున్నం డబ్బా ఇచ్చి లైన్లు గీయమన్నాడు. ఇక మా విషయం. బ్యాటన్ చేతులు మారాల్సిన జోన్ అప్పట్లో 20 మీటర్లు, ఇప్పుడు 30 చేశారు. మేం వెనక్కి తిరిగి చూస్తూ, నిలబడి అందుకునేవాళ్ళం. అన్న జోన్ వెనకాల నేల మీద సున్నంతో ఒక గుర్తు పెట్టాడు. "ఎనకున్న పిల్ల ఆ గుర్తు దాటగానే పరుగెట్టు. ఎనక్కి సూడకు. సెయ్యి ఎనక్కి పెట్టు, అది ఇస్తాది" అన్నాడు. మొదట కర్ర కింద పడింది, తర్వాత కూడా పడింది. గుర్తును ఒక అడుగు దగ్గరికి జరిపాడు. పడలేదు. మా నలుగురిలో ఎవరూ అంత వేగం ఉన్నవాళ్ళం కాదు. మాకంటే వేగంగా పరుగెత్తే పిల్లలున్న జట్లను మేం ఆ గుర్తుతోనే దాటాం.

ఇప్పుడు సభలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన మాటకు వస్తాను. "దేశానికి ఆడాల్సినవాడు, పాపం పోస్టాఫీసులో మిగిలిపోయాడు." ఒకరు కాదు, ముగ్గురు నలుగురు అదే పాట పాడారట. శిలాఫలకం మీద కూడా అలాంటి వాక్యమే రాయబోతున్నట్టు చిత్తుప్రతిలో ఉంది.

అన్న దేశానికి ఆడలేదు. యూనివర్సిటీకి ఆడాడు. బరంపురం విశ్వవిద్యాలయం 1967లో వచ్చింది కాబట్టి మేమంతా ఆ జెండా కింద తూర్పు జోన్ పోటీలకు వెళ్ళేవాళ్ళం. పక్కనే ఇచ్ఛాపురంలో పుట్టి వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో చదివినవాళ్ళు దక్షిణ జోన్‌కు పోయేవారు. ఒకే వీధి పిల్లలు ఒకరు కలకత్తా వైపు, ఒకరు మద్రాసు వైపు. 1936 దాకా ఇదంతా ఒకే గంజాం జిల్లా అని పెద్దలు చెబుతుంటే మాకు తమాషాగా ఉండేది. తూర్పు జోన్ వాలీబాల్ ఆడిన ఆ సర్టిఫికెట్‌తోనే అన్నకు స్పోర్ట్స్ కోటాలో తపాలా శాఖ ఉద్యోగం వచ్చింది. రాష్ట్రానికో, విశ్వవిద్యాలయానికో ఆడినవాళ్ళకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో అవకాశమిచ్చే పద్ధతి అది. మిగతా ఆటల కాగితాలన్నీ ట్రంకుపెట్టెలో ఉండిపోయాయి. నిజమే. కానీ పడవ మీద బతికే ఇంట్లో నెల జీతం అడుగుపెట్టడమంటే ఏమిటో తెలిసినవాళ్ళెవరూ దాన్ని మిగిలిపోవడం అనరు.

గంజాం మనుషులు సూరత్ మరమగ్గాల దగ్గరకు ఎంతమంది పోయారో మీకు చెప్పక్కర్లేదు. ఆ మనీ ఆర్డర్లు వచ్చి పడేది అన్న కూర్చున్న కౌంటర్ దగ్గరే. వేలిముద్ర వేసే ముసలమ్మలకు ఫారం మీద ఏముందో చదివి వినిపించి, డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చేవాడు. సేవింగ్స్ ఖాతాలు తెరిపించేవాడు. ఐదు గంటలకు సైకిలెక్కి గోపాలపూర్ చేరి, ఇసుకలో రెండు స్తంభాలకు నెట్ కట్టేవాడు. మళ్ళీ అక్కడ ఆట. అక్కడ ఆడిన పిల్లల్లో పోలీసులైనవాళ్ళున్నారు, ఓడల మీదికి పోయినవాళ్ళున్నారు, పడవ మీదే ఉన్నవాళ్ళున్నారు. అన్నకు ముగ్గురూ ఒకటే. ఆడపిల్లలకు విడిగా కబడ్డీ మొదలుపెట్టినప్పుడు ఊళ్ళో కొందరు మూతి ముడిచారు. వాళ్ళ మనవరాళ్ళే తర్వాత వచ్చి చేరారు.

1999 అక్టోబరులో పారాదీప్ మీద పడిన మహా తుపానును దేశమంతా గుర్తుపెట్టుకుంది. దానికి పన్నెండు రోజుల ముందే మన తీరం మీద ఇంకొకటి పడిందని మనకు మాత్రమే గుర్తు. తర్వాత 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ సరిగ్గా గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. జనాన్ని ముందుగానే ఖాళీ చేయించడం వల్ల ప్రాణాలు దక్కాయి. పడవలు, వలలు, ఇంటి కప్పులు పోయాయి. అన్న అప్పటికి యాభై దాటినవాడు. టార్పాలిన్లు కట్టడం, బియ్యం పంచడం అయ్యాక, విరిగిన పడవ చెక్కలతో నెట్ స్తంభాలు మళ్ళీ పాతించాడు. ఇళ్ళు లేనప్పుడు ఆటేమిటని ఎవరో అన్నారు. పిల్లలు రాత్రిళ్ళు గాలి చప్పుడుకు లేచి ఏడుస్తున్నారు, సాయంత్రం అలిసిపోతే నిద్రపోతారు అన్నాడు. నేను ఇంతకంటే తెలివైన సహాయ కార్యక్రమం చూడలేదు.

ఇలాంటి మనిషిని పట్టుకుని పాపం అంటారా?

సరే, కోపం పక్కన పెట్టి అసలు పనికి వస్తాను. మీరు క్రికెట్ కప్పు ప్రకటించిన నోటీసు బోర్డు మీదే ఇంకో సర్క్యులర్ ఉంది. నిరుటి నుంచి అమల్లో ఉందట: ఒక విద్యార్థి, ఒకే ఆట. వాలీబాల్‌లో పేరిస్తే అథ్లెటిక్స్‌లో ఇవ్వకూడదు. కబడ్డీలో ఉంటే ఫుట్‌బాల్ సెలక్షన్‌కు రాకూడదు. అంటే అన్న ఈ రోజు మన కాలేజీలో చేరితే, ఆయన పేరు మీద కప్పు పెట్టిన కమిటీయే ఆయన్ను నాలుగు జట్ల నుంచి తీసేస్తుంది.

ఆ నిబంధన ఎందుకు పెట్టారో నాకు తెలుసు. అటెండెన్స్ తగ్గిపోతోందని లెక్చరర్ల ఫిర్యాదు. ఒకడే నాలుగు జెర్సీలు వేసుకుంటే మిగతావాళ్ళకు చోటేదని తల్లిదండ్రుల ఫిర్యాదు. పైగా కోటా ఉద్యోగానికి ఒక ఆటలో పెద్ద సర్టిఫికెట్ కావాలి, ఐదు ఆటల్లో చిన్న సర్టిఫికెట్లు పనికిరావు. కాబట్టి పిల్లాడి మంచికే ఒక ఆటకు కట్టేశామంటారు. మూడోది గట్టి వాదనే. కాదనను. అన్న ఉద్యోగమే దానికి సాక్ష్యం.

కానీ ఆ ఒక్క ఆట ఏదో పదిహేడేళ్ళ పిల్లకు కాలేజీలో చేరిన మొదటి నెలలో ఎలా తెలుస్తుంది? అన్న మొదటి ఏడాది ఫుట్‌బాల్ ఆటగాడిగానే చేరాడు. వాలీబాల్ జట్టులో ఒకరోజు ఆరో మనిషి రాకపోతే గోల్ దగ్గర్నుంచి పిలిచి నిలబెట్టారు. మీ సర్క్యులర్ అప్పుడు ఉంటే ఆ ఉద్యోగం తెచ్చిపెట్టిన ఆటే ఆయనకు దక్కేది కాదు. చిన్న వయసు నుంచి ఒకే ఆట, ఒకే కదలిక ఏడాది పొడుగునా చేసే పిల్లలకు మోకాలు, భుజం అరిగే గాయాలు ఎక్కువని క్రీడా వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. అందరికీ చోటు దొరకాలన్న మాటకు వస్తే, మొన్నటి మీట్‌లో ట్రిపుల్ జంప్‌కు, డిస్కస్‌కు పేర్లే సరిగ్గా రాలేదని మీ పీడీ గారే చెప్పారు. చోటు లేక కాదు, దిగేవాళ్ళు లేక. అటెండెన్స్ సంగతంటారా, ఆటలను కాదు రోజులను లెక్కపెట్టండి. నెలకు ఇన్ని రోజుల కంటే బయటికి పోకూడదని పెట్టండి. ఆ రోజుల్లో ఏ ఆట ఆడతారో వాళ్ళిష్టం.

రెండు ఆటలాడినవాళ్ళు దేనికీ కాకుండా పోతారన్న భయం కూడా అక్కర్లేదు. చూనీ గోస్వామి 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్. అదే మనిషి 1971-72లో బెంగాల్‌ను రంజీ ఫైనల్‌కు తీసుకెళ్ళిన క్రికెట్ కెప్టెన్. మా కాలంలో అన్న నోట తరచూ వినపడిన పేరు ఇదే. మద్రాసు తెలుగు కుటుంబంలో పుట్టిన కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడి, 1936లో నలభై ఏళ్ళ వయసులో ఇంగ్లండ్ మీద టెస్ట్ క్రికెట్ ఆడాడు. వాళ్ళిద్దరూ కలిగిన కుటుంబాల వాళ్ళే, ఆ తేడా నాకూ తెలుసు. కానీ వాళ్ళకు ఎవరూ ఒకే ఆట అని సర్క్యులర్ ఇవ్వలేదు.

నా ప్రతిపాదన ఇది. క్రికెట్ టోర్నమెంటు బదులు, ఏటా కాలేజీ మీట్‌లో ఒక రోజు అన్న పేరు మీద పెంటాథ్లాన్ పెట్టండి. లాంగ్ జంప్, జావెలిన్, 200 మీటర్లు, డిస్కస్, 1500 మీటర్లు. ఒకే రోజులో ఐదు. ఇది నేను కల్పించింది కాదు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఈ ఐదింటితోనే పోటీ జరిగింది. గెలిచింది జిమ్ థోర్ప్, అమెరికా ఆదివాసీ కుర్రాడు. ఆదివాసీ పిల్లల కోసం పెట్టిన బడిలో చదువుతూ అమెరికన్ ఫుట్‌బాల్, అథ్లెటిక్స్ రెండూ ఆడినవాడు. అదే ఒలింపిక్స్‌లో పది ఈవెంట్ల డెకాథ్లాన్ కూడా గెలిచాడు. అంతకు ముందు కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడని మరుసటి ఏడాది పతకాలు లాగేసుకున్నారు. ఆయన పోయిన ముప్ఫై ఏళ్ళకు, 1983లో వాటి నకళ్ళు పిల్లలకు ఇచ్చారు. ఏకైక విజేతగా పేరు మళ్ళీ రాసింది 2022లో. కమిటీలు తమ నిర్ణయాలు మార్చుకోవడానికి ఎంత కాలం తీసుకుంటాయో చూడండి. మీరు అంత తీసుకోరని ఆశ.

ఈ ఐదింటిలో హర్డిల్స్ లేవు, పోల్‌వాల్ట్ లేదు, హైజంప్ లేదు. అంటే లక్షల రూపాయల మ్యాట్లు అక్కర్లేదు. ఒక ఇసుక గొయ్యి, రెండు జావెలిన్లు, రెండు డిస్కస్‌లు, సున్నం, స్టాప్‌వాచీలు. అంతే. పాయింట్ల పట్టికలు తెలియకపోయినా ఇబ్బంది లేదు. 1912లో స్థానాలను బట్టే లెక్కేశారు: ప్రతి ఈవెంట్‌లో మొదట వచ్చినవాడికి ఒకటి, రెండోవాడికి రెండు, అలా. చివరికి అందరికంటే తక్కువ మొత్తం వచ్చినవాడు విజేత. సమానమైతే ఎలా తేల్చాలో ముందే ఒక కాగితం మీద రాసుకుంటే గొడవలుండవు. లాంగ్ జంప్ గొయ్యి ఉన్నచోట ఇప్పుడు మోటార్ సైకిళ్ళు పెడుతున్నారు. వాటికి వేరే చోటు చూడాల్సి ఉంటుంది. మీరు చేయాల్సిన పనుల్లో కష్టమైంది నిజానికి ఇదొక్కటే.

అమ్మాయిలకూ ఇదే పోటీ, ఇవే ఐదు ఈవెంట్లు, అంతే విలువైన బహుమతి. బరువు తక్కువ డిస్కస్, జావెలిన్ ఎలాగూ ఉంటాయి. 1500 మీటర్లను 800కి తగ్గించండి అని ఎవరైనా అంటే వినకండి. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఏడు ఈవెంట్ల హెప్టాథ్లాన్ స్వర్ణం తెచ్చింది జల్పాయ్‌గుడి రిక్షా కార్మికుడి కూతురు స్వప్నా బర్మన్. 2023 హాంగ్‌జౌలో అదే ఈవెంట్‌లో కాంస్యం మన తెలుగమ్మాయి అగసర నందినిది. అదే పోటీల్లో తేజస్విన్ శంకర్ డెకాథ్లాన్‌లో 7666 పాయింట్లతో జాతీయ రికార్డు పెట్టి రజతం గెలిచాడు. అతనూ అమెరికాలో కాలేజీ తరఫున హైజంప్ దూకుతూ వచ్చినవాడే. ఇన్ని ఆటలు కలిపి ఆడేవాళ్ళకు దేశంలో చోటు లేదని ఇక ఎవరూ అనలేరు.

దాత గారికి క్రికెట్ అయితేనే ఇష్టమని, జనం వస్తారని, బ్యానర్ కనపడుతుందని విన్నాను. ఆయన ఇష్టం ఆయనది, క్రికెట్ టోర్నమెంటు పెట్టుకోనివ్వండి, దానికి ఆయన పేరే పెట్టండి. మా రిలే జట్టు నలుగురం, అన్నతో వాలీబాల్ ఆడినవాళ్ళలో ఉన్నవాళ్ళు, ఇచ్ఛాపురం బ్యాచ్ వాళ్ళు కలిసి గొయ్యి తవ్వించడానికి, ఇసుకకు, పరికరాలకు అయ్యే ఖర్చు పెట్టుకుంటాం. ఆ రోజు పిల్లలకు ఉప్మా, ఘుగుని, ఉడికించిన గుడ్లు కూడా మేమే చూసుకుంటాం. జడ్జీలుగా కూర్చోవడానికి మాలో కొందరికి మోకాళ్ళు ఇంకా సహకరిస్తున్నాయి.

ఫలకం మీద దేశానికి ఆడాల్సినవాడు అన్న మాట తీసేయండి. ఆయన ఆడినవి రాయండి: వాలీబాల్, కబడ్డీ, ఫుట్‌బాల్, 400 మీటర్లు, హైజంప్, జావెలిన్, రిలే, టగ్ ఆఫ్ వార్. కింద గోపాలపూర్ అని ఊరి పేరు. ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి. చోటు సరిపోకపోతే అతిథుల పేర్లు తగ్గించండి.

వచ్చే నెల మీ కమిటీ సమావేశం ఉందని తెలిసింది. ఒకే ఆట సర్క్యులర్ రద్దు, పెంటాథ్లాన్, ఫలకం మాటల మార్పు, ఈ మూడూ ఎజెండాలో పెట్టమని కోరుతున్నాను. సభ్యురాలిగా నాకు మాట్లాడే హక్కుంది, వస్తాను. ఈ లోపు ఆ మోటార్ సైకిళ్ళ సంగతి చూడగలిగితే, గొయ్యి కొలతలు తీసుకోవడానికి ఏదైనా ఆదివారం మేస్త్రీని వెంటబెట్టుకుని రాగలను.

ఇట్లు,
కాలేజీ పాత విద్యార్థిని, అమ్మాయిల రిలే జట్టు రెండో లెగ్,
బరంపురం, గంజాం జిల్లా